టేపు పట్టుకుని తిరిగిన మూడు నెలలు

2019 వేసవిలో ఒక ఆరోగ్య సర్వే కోసం మనుషుల ఒంటి కొలతలు తీసే తాత్కాలిక పనికి హన్మకొండలో నన్ను తీసుకున్నారు. 12 రోజుల శిక్షణ, ఆ తర్వాత మూడు నెలల పాటు పాత వరంగల్, కరీంనగర్ జిల్లాల ఊళ్లలో ఇంటింటికీ తిరగడం, రోజుకు ఇంత అని భత్యం. డిగ్రీ పూర్తయి రెండేళ్లుగా ఖాళీగా ఉన్న నాకు భత్యమే ముఖ్యమైంది గాని, కొలతల మీద ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. అప్పటికి నాకు తెలిసిన ఒంటి రకాలు మూడే: బక్క, నడిమి రకం, దొడ్డు. వాటిలో మూడోది నేనే. మా వాడలో నన్ను పేరు పెట్టి పిలిచిన వారికంటే ‘దొడ్డుపిల్ల’ అన్నవారే ఎక్కువ కాబట్టి, ఒక మనిషి ఎలాంటి మనిషో చూపుతోనే తెలిసిపోతుందన్న నమ్మకం నాలో చిన్ననాడే స్థిరపడిపోయింది.

శిక్షణ మొదటి రోజునే మా సారు ఒక నియమం చెప్పారు. పోషకాహార సర్వేలలో ఏళ్ల తరబడి పనిచేసి పదవీ విరమణ పొందిన ఆయన, ఇతరులను కొలవబోయేవాళ్లు ముందుగా తమను కొలిపించుకోవాలని, ఆ ఇబ్బంది ఎలా ఉంటుందో తెలియనివారు ఊళ్లలో ఒక్క ఇంట్లో కూడా పని సరిగా చేయలేరని అన్నారు. ఆడవాళ్లం తొమ్మిది మందిమి వేరే గదిలోకి వెళ్లాం. డిజిటల్ కాటా మీద కాలు పెట్టేటప్పుడు నేను కళ్లు మూసుకున్న సంగతి నా జంటగా వేసిన అక్క ఇప్పటికీ గుర్తు చేసి నవ్వుతుంది. ఆమె నాకంటే ఆరేళ్లు పెద్దది, కాజీపేట నుంచి వచ్చేది. సన్నగా, పొడుగ్గా, ఏ చీర కట్టినా చక్కగా కనిపించే మనిషి. “నేనేం తిన్నా ఒంటికి పట్టది చెల్లె,” అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కొద్దిగా అసూయ కలిగేది.

ఎత్తు కొలవడం ఎంత కష్టమో ఆ వారం దాకా నాకు తెలియదు. మడమలు, పిరుదులు, రెక్కల ఎముకలు, తల వెనుక భాగం నిలువు పలకకు ఆనాలి. అందరికీ నాలుగూ ఆనవు, కొందరి శరీర నిర్మాణమే అందుకు ఒప్పుకోదు. కంటి గుంట కింది అంచూ చెవి రంధ్రం పై అంచూ ఒకే అడ్డగీత మీదికి వచ్చేలా తలను నిలపాలి. 1884లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో శాస్త్రజ్ఞులు కుదుర్చుకున్న ఒప్పందం నుంచి వచ్చింది గనుక ఆ గీతకు ఆ నగరం పేరే ఉంది. గడ్డం కాస్త పైకెత్తితే కొలత మారిపోతుంది. కొప్పు, క్లిప్పు, మల్లెపూల దండ ఇవన్నీ తీయించాలి. పూలు తీయమని ఒక ముత్తైదువను అడగడానికి ఎంత నేర్పు కావాలో ఏ పాఠంలోనూ లేదు. నడుము చుట్టుకొలత ఇంకా తిరకాసు పని. లంగా బొందు కట్టుకునే చోటే నడుము అని మేమందరం అనుకున్నాం, కాని అది ఒక్కొక్కరికి ఒక్కో చోట ఉంటుంది. చివరి పక్కటెముక కింది అంచును, తుంటి ఎముక పై అంచును వేలితో తడిమి గుర్తించి, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, మామూలుగా ఊపిరి వదిలిన క్షణంలో అంకె చదవాలి. టేపు చర్మానికి ఆనాలి, కాని నొక్కకూడదు. కొలిపించుకునేవారు మర్యాద కోసం పొట్ట లోపలికి లాగుతారు కనుక వాళ్లతో ఏదో ఒక మాట కలపాలి. “ఈ పూట ఏం కూర వండిన్రు?” అన్న ప్రశ్న నాకు బాగా పనికి వచ్చింది. జవాబు చెబుతూ ఎవరూ పొట్ట బిగబట్టలేరు.

ఆరో రోజున పరీక్ష పెట్టారు. ఒకే పది మందిని ప్రతి ఒక్కరం రెండేసి సార్లు కొలవాలి. మొదటిసారి రాసిన కాగితం రెండోసారి కనిపించదు. నా రెండు కొలతల మధ్య తేడా ఎంత, నా కొలతకూ సారు కొలతకూ తేడా ఎంత అన్నది లెక్క కడతారు. ఎత్తులో నేను బాగానే గట్టెక్కాను గాని, నడుము కొలతలో దొడ్డుగా ఉన్నవారిని ఎప్పుడూ ఒకటి రెండు సెంటీమీటర్లు తక్కువగా రాశానని తేలింది. టేపును తెలియకుండానే బిగిస్తున్నానట. సారు నా కాగితం చూసి, “బిడ్డా, నువ్వు వాళ్ల మీద జాలి పడుతున్నవు,” అన్నారు. అది నిజమే. అక్క తప్పు మరో రకం. సన్నగా ఉన్నవారి పొట్ట దగ్గర టేపు అంకెను ఆమె సరిగా చూడకుండానే దించేసేది, అక్కడ కొలవడానికి ఏముంది అన్నట్టుగా.

సర్వేకు కావలసినవి ఎత్తు, బరువు, నడుము, జబ్బ చుట్టుకొలత, ఈ నాలుగే. అయినా సారు ఒక పూట ప్రత్యేకంగా కేటాయించి, ఒంటి రకాలను లెక్కలో ఎలా పెడతారో చేయించి చూపారు. నా మటుకు నాకు ఆ పన్నెండు రోజుల్లో అదే అసలైన రోజు. అమెరికాకు చెందిన విలియం షెల్డన్ 1940లో, దాదాపు 4,000 మంది కాలేజీ కుర్రవాళ్ల ఫోటోలు పరిశీలించి, ఒంటి తీరును మూడు అంశాలుగా విడదీశాడు. గుండ్రటి, కొవ్వు పట్టిన తీరును ఎండోమార్ఫ్ అని, ఎముక కండ బలిసిన తీరును మీసోమార్ఫ్ అని, సన్నగా పొడవుగా సాగిన తీరును ఎక్టోమార్ఫ్ అని పిలిచాడు. పిండంలో ఏర్పడే మూడు పొరల పేర్ల నుంచి తీసుకున్న మాటలివి. ఒంటి తీరును బట్టి స్వభావం కూడా చెప్పవచ్చని, లావుగా ఉన్నవారు సుఖప్రియులని, సన్నగా ఉన్నవారు బిడియస్తులని ఆయన వాదించాడు. ఆ వాదం తర్వాతి పరిశోధనలలో నిలవలేదు. ఫోటో చూసి అంకె వేయడమన్నది చూసేవారి కంటి మీద ఆధారపడుతుంది కనుక, 1967లో హీత్, కార్టర్ అనే ఇద్దరు దాన్ని పది కొలతల లెక్కగా మార్చారు. ఎత్తు, బరువు, నాలుగు చోట్ల చర్మపు మడతల మందం, మోచేతి, మోకాలి ఎముకల వెడల్పు, జబ్బ, పిక్కల చుట్టుకొలత. ఈ లెక్క ప్రకారం ప్రతి మనిషికీ మూడు అంకెలూ ఉంటాయి. మనం ఏదో ఒక గంపలో పడిపోము. హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల జిమ్ములలో మూడు బొమ్మలు గీసి ‘మీరు ఏ రకం?’ అని అడిగే బ్యానర్లు, ఒక్కో రకానికి ఒక్కో తిండి పట్టిక ఆ తర్వాత నేను చాలా చూశాను. లెక్క తెలిశాక ఆ ప్రశ్నకు అర్థమే లేదనిపించింది.

చర్మపు మడతను బొటనవేలు, చూపుడువేలుతో పట్టి కండ నుంచి విడదీసి, చదరపు మిల్లీమీటరుకు 10 గ్రాముల ఒత్తిడి ఇచ్చే పటకారు లాంటి పరికరంతో పట్టి, రెండు సెకన్లు ఆగి అంకె చదవాలి. అక్క నన్ను కొలిచింది, నేను అక్కను కొలిచాను. నా ఎత్తు 154 సెంటీమీటర్లు, బరువు 61 కిలోలు. మూడు అంకెలు వరుసగా 6, 5, అర వచ్చాయి. మొదటిది కొవ్వు, రెండోది ఎముక కండ, మూడోది సన్నదనం. అక్క ఎత్తు 160, బరువు 52. ఆమె అంకెలు ఆరున్నర, 2, 3. ఎక్కడో తప్పు చేశానని నేను మూడుసార్లు కూడి చూశాను. నాకంటే 9 కిలోలు తక్కువ బరువున్న మనిషికి కొవ్వు అంకె నాకంటే అర ఎక్కువ. రెక్క ఎముక కింద ఆమె చర్మపు మడత 24 మిల్లీమీటర్లు, నాది 20. నాలో దొడ్డుగా కనిపించేదానిలో చాలా వాటా మోచేతి, మోకాలి ఎముకల వెడల్పుది, వాటి మీది కండది. ఆ కాగితం చేతిలో పట్టుకున్నప్పుడు సంతోషం కలగలేదని చెబితే అబద్ధం అవుతుంది. అయితే నా 6 కూడా తక్కువేమీ కాదని సారు వెంటనే గుర్తు చేశారు.

ఆ సాయంత్రం ఆయన ఇద్దరు వైద్యులు పక్కపక్కన నిలబడిన ఫోటో ఒకటి తెర మీద చూపారు. ఒకరు పుణె నగరానికి చెందిన యాజ్ఞిక్, మరొకరు బ్రిటన్‌కు చెందిన యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ, అంటే కిలోల బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే అంకె, ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు శాతం మాత్రం యుడ్కిన్‌కు 9.1, యాజ్ఞిక్‌కు 21.2. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫోటో అది. మన దేశంలో సన్నగా కనిపించే వారి ఒంట్లో కూడా కొవ్వు ఎక్కువగా, కండ తక్కువగా ఉండడం సాధారణమని, పుట్టుకలోనే ఈ తేడా కనిపిస్తుందని ఆయన వివరించారు. పుణె చుట్టుపక్కల పల్లెల్లో పుట్టిన శిశువుల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టిన శిశువులది 3.5 కిలోలు. ఆ తక్కువ బరువులో తగ్గినది ఎక్కువగా కండ, పొట్టలోని అవయవాలు. చర్మం కింది కొవ్వు అంతగా తగ్గలేదు.

బీఎంఐ పుట్టుక కూడా ఆ పూటే తెలిసింది. 1830లలో బెల్జియం దేశపు గణిత శాస్త్రజ్ఞుడు కెట్లే జనసమూహాల సగటు తీరును వర్ణించడానికి బరువును ఎత్తు వర్గంతో భాగించాడు. 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ఒక్కొక్క మనిషిని తూచి తీర్పు చెప్పడానికి పుట్టిన లెక్క కాదది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని 2009లో వైద్యులు హద్దులు కుదించుకున్నారు. నడుము మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదన్నారు. నా బీఎంఐ 25.7 కనుక పట్టిక ప్రకారం నేను ఊబకాయురాలిని, కాని నడుము 78 మాత్రమే. అక్క బీఎంఐ 20.3, నడుము 83. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ అక్క, “మా అమ్మకు షుగర్ ఉన్నది,” అని మాత్రం అన్నది. మర్నాడు పరగడుపున రక్తపరీక్ష చేయించుకుంది. 118 వచ్చింది. చక్కెర జబ్బు ఇంకా రాలేదు గాని గుమ్మం దాకా వచ్చిందని డాక్టరు చెప్పాడట.

ఊళ్లకు వెళ్లాక ఎన్నో ఒళ్లు చూశాం. అన్నీ చెప్పలేను. ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే ఒక హమాలీ అన్నను మా బృందంలోని తమ్ముడు కొలుస్తుంటే నేను అంకెలు రాశాను. ఎత్తు 163, బరువు 66, అంటే బీఎంఐ 24.8. పట్టిక ఆయనను అధిక బరువు వరుసలో పెడుతుంది. నడుము మాత్రం 77. మెడ వెనుక భాగం, పిక్కలు రాయిలా ఉన్నాయి. ఆ తర్వాతి వారం జగిత్యాల వైపు ఒక ఇంట్లో, ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చేస్తున్న అమ్మను కొలిచాను. ఎత్తు 149, బరువు 41, జబ్బ చుట్టుకొలత 21.5 మాత్రమే, కాని నడుము 76. పొద్దంతా కూర్చునే పని, వేళ్లు తప్ప మరేదీ కదలని పని. చేతులు పుల్లల్లా ఉండి పొట్ట ముందుకు వచ్చిన తీరు అదే పని చేసే మరికొందరిలో కూడా గమనించాను. పని ఒంటిని మలుస్తుందా, లేక ఆ ఒంటివారు ఆ పనికి నిలబడగలుగుతారా అని సారును ఫోనులో అడిగితే, మన కాగితం మీద దానికి జవాబు ఉండదని, ఒక్కసారి కొలిస్తే తేలే సంగతి కాదని చెప్పారు.

నాకు బాగా గుర్తుండిపోయినవి ఎత్తుకు సంబంధించిన రెండు సంగతులు. పరకాల దగ్గర ఒక ఇంట్లో ఇరవై ఏళ్ల చెల్లె, కానిస్టేబుల్ ఉద్యోగానికి తయారవుతున్నది, సాయంత్రం ఐదు గంటలకు నా పలక ముందు నిలబడింది. 152.1 వచ్చింది. ఆడవాళ్లకు కావలసిన కనీస ఎత్తు 152.5. ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లలు పగలంతా బరువు మోసి అణగడం వల్ల సాయంత్రానికి మనిషి ఎత్తు దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుందని శిక్షణలో విన్న మాట గుర్తొచ్చి, మేము ఆ రాత్రి అక్కడే ఉంటున్నాం గనుక, పొద్దున్నే లేవగానే రమ్మన్నాను. చీకటితోనే వచ్చింది. 152.9. “అక్కా, ఇంకోసారి చూడు,” అని మళ్లీ కొలిపించుకుంది. మళ్లీ అదే అంకె. సర్వే కాగితంలో నియమం ప్రకారం సాయంత్రపు అంకెనే ఉంచాను. ఆమె అక్క ఆమె కంటే 9 సెంటీమీటర్లు ఎక్కువ. ఒకే తల్లి కడుపున పుట్టి, ఒకే కుండలో అన్నం తిన్నవాళ్లు. తిండికి కొరత లేని సమాజాలలో మనుషుల మధ్య ఎత్తు తేడాలో దాదాపు 80 శాతం జన్యువులకు చెందుతుందని, 2022లో 54 లక్షల మంది జన్యు సమాచారంతో చేసిన పరిశోధనలో ఎత్తుతో ముడిపడిన 12,000కు పైగా చిన్న చిన్న తేడాలు దొరికాయని తర్వాత చదువుకున్నాను. తల్లిదండ్రుల నుంచి ఒక్కొక్క బిడ్డ చేతికి వచ్చే వాటా వేరు. చిన్ననాటి తిండి, తరచూ వచ్చే విరేచనాలు, జ్వరాలు ఆ వాటాలో కొంత కోత పెట్టగలవు.

రెండోది ఒక అవ్వ సంగతి. నడుము వంగిపోయి, పలకకు ఎక్కడా ఆనకుండా నిలబడితే 141 వచ్చింది. అలాంటివారికి ఎత్తు బదులు చాచిన చేతుల నిడివి తీసుకోవచ్చు, అది వయసులో ఉన్నప్పటి ఎత్తుకు దగ్గరగా ఉంటుంది. వెన్నుపూసలు గుల్లబారి అణిగినా చేతి ఎముకల పొడవు తగ్గదు. ఇద్దరం చెరో చెయ్యి పట్టుకుని గోడకు ఆనించి కొలిస్తే 153. ఆ మాట చెప్పగానే అవ్వ, “మరేమనుకున్నవు బిడ్డా, మా ముసలాయన పక్కపొంటి నిలవడితే సమానంగ ఉండేదాన్ని,” అని గోడ మీద వేలాడుతున్న ఫోటో వైపు చెయ్యి చూపింది. అన్ని నెలల్లో ఒక కొలతను ఇంత గర్వంగా స్వీకరించిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

ఒక ఆదివారం వాన పడి పని ఆగిపోతే, మా చేతిలోని కాగితాల నుంచి అచ్చంగా సగటు ఆడమనిషి ఒకరిని వెతుకుదామని కూర్చున్నాం. నాలుగు కొలతలకూ సగటు కట్టి, నాలుగింటిలోనూ సగటుకు దగ్గరగా ఉన్నవారిని ఏరడం మొదలుపెట్టాం. ఎత్తులో కుదిరినవారు జబ్బలో కుదరలేదు, జబ్బలో కుదిరినవారు నడుములో జారిపోయారు. మధ్యాహ్నానికి ఇద్దరు మిగిలారు. వాళ్లలో ఒకామె ఆరు నెలల గర్భిణి, ఆమెను అసలు కొలవకూడదు, ఎవరో పొరపాటున కొలిచారు. ఇలాంటి వెతుకులాట అమెరికా వాయుసేనలో ఎప్పుడో జరిగిందని సారు చెప్పారు. వాయుసేన సిబ్బంది 4,063 మంది కొలతలు పరిశీలించిన గిల్బర్ట్ డేనియల్స్ అనే ఉద్యోగికి, పది కొలతలలోనూ సగటు దరిదాపుల్లో ఉన్న పైలట్ ఒక్కడు కూడా దొరకలేదని 1952లో తేలింది. సగటు మనిషిని బట్టి కాకుండా, వాడేవారిని బట్టి సర్దుకునేలా వస్తువులు ఉండాలన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. రెడీమేడ్ డ్రెస్సు భుజం దగ్గర సరిపోతే నడుము దగ్గర ఎందుకు బిగుస్తుందో, నన్ను ఏళ్ల తరబడి కుమిలేలా చేసిన ఆ చిక్కు బట్టదేనని నాకు ఆ రోజు తెలిసింది.

పని ముగిసిన రోజున టేపులన్నీ స్టీలు బద్ద పక్కన పెట్టి సరిచూశారు. నా టేపు మూడు నెలల్లో 3 మిల్లీమీటర్లు సాగింది. దాన్ని పనికిరాదని పక్కన పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను.

తర్వాతి ఎండాకాలానికి ముందు అక్క మా ఇంటికి వచ్చింది. ఆ ఎనిమిది నెలలు ఆమె రాత్రిపూట అన్నం సగం చేసి జొన్నరొట్టె, పప్పు తింటూ, పొద్దున వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తూ, వారానికి మూడు రోజులు ఇంట్లోనే నీళ్ల క్యాన్లు ఎత్తి దించే కసరత్తు చేసిందట. మా గదిలో తలుపు వేసుకుని పక్కటెముక, తుంటి ఎముక గుర్తుపట్టి, మధ్యన చుక్క పెట్టి కొలిచాను. బరువు ఒక్క కిలోనే తగ్గింది, నడుము మాత్రం 79. సాగిన టేపు కనుక అసలు అంకె మరో రెండు మిల్లీమీటర్లు ఎక్కువే అనుకోవచ్చునని చెప్పాను. పరగడుపు చక్కెర 101. డాక్టరు మూడు నెలల తర్వాత మళ్లీ రమ్మన్నాడు. ఆ తర్వాత అక్క నా చేతిలోంచి టేపు లాక్కుని, “ఇప్పుడు నువ్వు నిలవడు,” అన్నది. సంక్రాంతికి అమ్మ చేసిన సకినాలు డబ్బాడు తిని ఉన్నాను గనుక నేను వద్దన్నాను. ఆమె వినలేదు. “ఏం కూర వండిన్రు చెల్లె?” అని అడుగుతూ టేపు చుట్టింది. 81 వచ్చింది.